2024 అల్యూమినియం – సిలికాన్ కార్బైడ్ కాంపోజిట్: 500 డిగ్రీల దగ్గర పగుళ్లు, ప్రాసెసింగ్ మ్యాప్‌లో తెల్ల మచ్చ

పౌడర్_పోగు:

అందరికీ నమస్కారం. మెటీరియల్ వివరాలు ముందు ఇస్తాను. 2024 మ్యాట్రిక్స్, అందులో ఘనపరిమాణం లెక్కన 15 శాతం సిలికాన్ కార్బైడ్, సగటు రేణువు 10 మైక్రాన్లు. పౌడర్ మెటలర్జీ పద్ధతి: మిక్సింగ్, కోల్డ్ కాంపాక్షన్, వాక్యూమ్ డీగ్యాసింగ్, హాట్ ప్రెస్, ఆపైన 16:1 ఎక్స్‌ట్రూజన్. ఎక్స్‌ట్రూజన్ దిశలో 8 మి.మీ. వ్యాసం, 12 మి.మీ. ఎత్తు సిలిండర్లు తీసి, గ్లీబుల్ (వేడి మీద నొక్కి చూసే పరీక్షా యంత్రం) మీద హాట్ కంప్రెషన్ చేశాం. ట్రూ స్ట్రెయిన్ 0.7 వరకు, అంటే చివరి ఎత్తు 5.96 మి.మీ. వేడి చేసే వేగం సెకనుకు 5 డిగ్రీలు, నొక్కే ముందు 3 నిమిషాలు ఆపాం, చివర్న నీళ్లలో క్వెంచ్.

పీక్ స్ట్రెస్‌లు మెగాపాస్కల్‌లలో (స్ట్రెయిన్ రేట్ వరుసగా సెకనుకు 0.001, 0.01, 0.1, 1):

350 డిగ్రీలు: 62, 85, 112, 148
400 డిగ్రీలు: 38, 55, 78, 106
450 డిగ్రీలు: 22, 34, 52, 75
500 డిగ్రీలు: 12, 22, 39, 48

ఇక సమస్యలు. 500 డిగ్రీలు, రేట్ 1 దగ్గర సిలిండర్ నడుము మీద 45 డిగ్రీల వాలులో పగుళ్లు వచ్చాయి. మిగతావి పైకి బాగానే కనిపిస్తున్నాయి. ప్రాసెసింగ్ మ్యాప్ (టెంపరేచర్, రేట్ మారేకొద్దీ ఎఫిషియెన్సీ, అంటే ఇచ్చిన శక్తిలో లోపలి నిర్మాణం మారడానికి పోయే వాటాకి కొలమానం, ఎలా మారుతుందో చూపే పటం) గీస్తే (స్ట్రెస్ లాగ్, రేట్ లాగ్ మధ్య క్యూబిక్ ఫిట్) సరిగ్గా ఆ మూలే తెల్లగా ఖాళీగా వస్తోంది. 500 డిగ్రీలు, 0.01 దగ్గర ఎఫిషియెన్సీ 44 శాతం చూపిస్తోంది, దాన్ని డైనమిక్ రీక్రిస్టలైజేషన్ (నొక్కుతుండగానే కొత్త గ్రెయిన్లు పుట్టడం) డొమైన్ అని రాయొచ్చా? 350 డిగ్రీలు, రేట్ 1 దగ్గర పీక్ తర్వాత కర్వ్ బాగా కిందికి దిగుతోంది, అది కూడా రీక్రిస్టలైజేషనేనా? యాక్టివేషన్ ఎనర్జీ మోల్‌కు 214 కిలోజౌళ్లు వచ్చింది. స్వచ్ఛమైన అల్యూమినియం సెల్ఫ్ డిఫ్యూజన్‌కి 142 కదా, ఇంత తేడా ఏమిటి?

నడుము దగ్గర చివరి వ్యాసం శాంపిల్‌ని బట్టి 11.8 నుంచి 12.5 మి.మీ. వరకు ఉంది. 12.5 వచ్చింది ఆ పగిలినదానికే.

వేడిపోటు:

పీక్ విలువలన్నీ ఇచ్చారు, సంతోషం. చాలామంది రంగుల మ్యాప్ ఒక్కటి పెట్టి "ఇది కరెక్టేనా" అంటారు, దానికి ఏం చెప్పగలం.

ముందు ఆ పగుళ్ల సంగతి. 2024 సాలిడస్ (కరగడం మొదలయ్యే టెంపరేచర్) 502 డిగ్రీల దగ్గర. మీరు టెస్ట్ చేసింది 500 దగ్గర. రేట్ 1 అంటే మొత్తం నొక్కుడు 0.7 సెకన్లలో అయిపోతుంది, పుట్టిన వేడి ఆన్విల్స్‌లోకి (నొక్కే దిమ్మెల్లోకి) పోవడానికి వ్యవధే లేదు. లెక్క వేయండి. సగటు స్ట్రెస్ 45 మెగాపాస్కల్ అనుకుంటే, స్ట్రెయిన్ 0.7తో గుణిస్తే ఘనపు మీటరుకు 31.5 మెగాజౌళ్ల పని. అందులో 95 శాతం వేడిగా మారుతుంది. మీ కాంపోజిట్ సాంద్రత దాదాపు 2.84, స్పెసిఫిక్ హీట్ ఆ టెంపరేచర్‌లో గ్రాముకు సుమారు 1.02 జౌళ్లు, అంటే ఘనపు మీటరుకు డిగ్రీకి 2.9 మెగాజౌళ్లు. భాగిస్తే 10 డిగ్రీలు. ఇది సగటు. షియర్ బ్యాండ్ కట్టిన చోట, రేణువుల గుంపుల మధ్య ఇరుక్కున్న మ్యాట్రిక్స్‌లో ఇంకా ఎక్కువ. అంటే మీ శాంపిల్ సాలిడస్ దాటింది. గ్రెయిన్ బౌండరీల వెంట రాగి, మెగ్నీషియం ఎక్కువున్న ఫేజ్ కరిగి పలచటి ద్రవపు పొర అయితే, బారెలింగ్ (నడుము పీపాలా ఉబ్బడం) వల్ల నడుము చుట్టూ వచ్చే హూప్ టెన్షన్ దాన్ని విడదీసేస్తుంది. నొక్కుతున్నది కంప్రెషన్‌లోనే అయినా నడుము పైపొర మాత్రం టెన్షన్‌లో ఉంటుందన్నది మర్చిపోకూడదు.

ఇదే నిజమో కాదో తేల్చుకోవడానికి రెండు పనులు. ఒకటి, ఎక్స్‌ట్రూడ్ స్థితిలోని ముక్కని డీఎస్సీలో (వేడి చేస్తూ శాంపిల్ పీల్చే వేడిని కొలిచే పరికరం) నిమిషానికి 10 డిగ్రీల చొప్పున 560 దాకా వేడి చేసి, మొదటి ఎండోథర్మిక్ పీక్ ఎక్కడ మొదలవుతుందో చూడండి. రెండు, పగిలిన శాంపిల్‌ని అక్షం వెంట కోసి, పగులు కొసకి కొంచెం ముందున్న ట్రిపుల్ జంక్షన్లు చూడండి. ద్రవం అయి మళ్లీ గడ్డకట్టిన చోట గుండ్రటి మూలలున్న చిన్న మడుగులు, వాటిలో సన్నటి యూటెక్టిక్ గీతలు కనిపిస్తాయి. పగులు ముఖం మీద గ్రెయిన్లు నున్నగా, గులకరాళ్లలా ఉంటాయి.

ఇక తెల్ల మచ్చ. అది సాఫ్ట్‌వేర్ తప్పు కాదు, మీ ఫిట్ ఇచ్చిన జవాబే. నాలుగు బిందువుల మీద క్యూబిక్ వేస్తే కర్వ్ అన్నిటి గుండా కచ్చితంగా పోతుంది. మిగిలే స్వేచ్ఛ సున్నా, డేటాలోని చిన్న వంకర కూడా కొసల దగ్గర వాలుని విరగ్గొడుతుంది. మీ 500 వరుసతో వేసి చూశాను. రేట్ 1 దగ్గర రేట్ సెన్సిటివిటీ ఎమ్ (రేట్ లాగ్ మీద గీసిన స్ట్రెస్ లాగ్ వాలు) విలువ మైనస్ 0.04 వస్తోంది. ఎఫిషియెన్సీ సూత్రం 2ఎమ్ / (ఎమ్ + 1) కాబట్టి అదీ నెగటివ్. ప్లాటింగ్ స్కేలు సున్నా నుంచి మొదలైతే ఆ మూల ఖాళీగానే ఉంటుంది.

ఫిట్ పక్కన పెట్టి పక్కపక్క బిందువుల మధ్య వాలు చూడండి. 12 నుంచి 22కి: ఎమ్ 0.26. 22 నుంచి 39కి: 0.25. 39 నుంచి 48కి: 0.09. ఒక్కసారిగా కూలిపోయింది. ఇన్‌స్టెబిలిటీ పరామితి కూడా చేత్తోనే వస్తుంది: ఎమ్ / (ఎమ్ + 1) విలువ 0.199 నుంచి 0.083కి పడింది, దాని సహజ లాగ్ తేడా మైనస్ 0.88, రేట్ పది రెట్లయ్యే ఒక మెట్టుకి 2.303తో భాగిస్తే మైనస్ 0.38. దీనికి మధ్యలోని ఎమ్ 0.17 కలిపితే మైనస్ 0.21. సున్నా కంటే తక్కువ, అంటే అస్థిర ప్రాంతం. పగుళ్లు కూడా అక్కడే ఉన్నాయి. ఈ ఒక్క విషయంలో మ్యాప్, శాంపిల్ ఒకే మాట చెప్తున్నాయి.

450 వరుసలో ఇదే లెక్క చేస్తే 0.19, 0.18, 0.16. నిదానంగా దిగుతోంది, గొడవ లేదు. ఎఫిషియెన్సీ 30 శాతం దగ్గర.

గ్రెయిన్_బౌండరీ:

వేడిపోటు గారు చెప్పినదాంతో ఏకీభవిస్తాను. నేను రీక్రిస్టలైజేషన్ మాట ఎత్తుతాను, ఎందుకంటే ఈ కాంపోజిట్ల పేపర్లలో ఎక్కువగా దుర్వినియోగమయ్యే పదం అదే.

44 శాతం ఎఫిషియెన్సీ చూసి "డైనమిక్ రీక్రిస్టలైజేషన్ డొమైన్" అని రాయకండి. ఎఫిషియెన్సీ అనేది ఎమ్ విలువకి వేసిన ఇంకో వేషం, అంతే. ఎమ్ పెరగడానికి రికవరీ (డిస్‌లొకేషన్లు, అంటే స్ఫటికంలోని గీతల్లాంటి లోపాలు, సర్దుకుని తగ్గిపోవడం), గ్రెయిన్ బౌండరీ స్లైడింగ్, ఇంటర్‌ఫేస్ దగ్గర నెమ్మదిగా తెరుచుకునే సూక్ష్మ రంధ్రాలు, ఏదైనా కారణం కావచ్చు. అల్యూమినియానికి స్టాకింగ్ ఫాల్ట్ ఎనర్జీ ఎక్కువ, డిస్‌లొకేషన్లు సులువుగా క్రాస్ స్లిప్, క్లైంబ్ చేస్తాయి, కాబట్టి మామూలుగా రికవరీదే పైచేయి. కాంపోజిట్‌లో పరిస్థితి మార్చేవి రేణువులు. గట్టి రేణువు చుట్టూ మ్యాట్రిక్స్ వంగలేక, తిరగలేక డిస్‌లొకేషన్లు పోగుపడి డిఫర్మేషన్ జోన్ ఏర్పడుతుంది, అందులో కొత్త గ్రెయిన్ పుట్టొచ్చు.

అయితే ఇక్కడో మెలిక ఉంది. రేణువు పెద్దదైనంత మాత్రాన చాలదు. టెంపరేచర్ ఎక్కువ, రేట్ తక్కువ అయితే డిస్‌లొకేషన్లు క్లైంబ్ చేసి రేణువుని దాటుకుని పోతాయి, పోగుపడనే పడవు. పోగుపడాలంటే దాటాల్సిన కనీస రేట్ ఉంది. డిఫ్యూజన్ గ్రెయిన్ లోపలి నుంచి జరిగితే అది వ్యాసం వర్గానికి, ఇంటర్‌ఫేస్ వెంట జరిగితే వ్యాసం ఘనానికి విలోమంగా ఉంటుందని హంఫ్రీస్, కాలు 1987లో చూపించారు. టెంపరేచర్ పెరిగితే ఆ కనీస రేట్ ఎక్స్‌పొనెన్షియల్‌గా పెరుగుతుంది. 10 మైక్రాన్ల రేణువు ఈ విషయంలో మీకు అనుకూలమే, మీ పరిధిలో చాలామటుకు పోగుపడుతుంది. 1 మైక్రాన్ రేణువులతో ఇదే మెటీరియల్ చేస్తే కథ వేరుగా ఉంటుంది. ఏదేమైనా మీరు ఎత్తిచూపిన డొమైన్ వేడి ఎక్కువ, రేట్ తక్కువ ఉన్న వైపు ఉంది. రేణువుల వల్ల పుట్టే రీక్రిస్టలైజేషన్‌కి అది సహజమైన చోటు కాదు, దానికి ఎదురు వైపు.

కాబట్టి ఈబీఎస్‌డీ (ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్‌లో ప్రతి గ్రెయిన్ ఓరియెంటేషన్‌ని కొలిచే పద్ధతి) లేకుండా ఏదీ రాయొద్దు. చేసేటప్పుడు:

– శాంపిల్‌ని అక్షం వెంట సగానికి కోసి, సరిగ్గా మధ్య ప్రాంతం చూడండి. పైన, కింద ఆన్విల్‌కి తగిలిన చోట శంకువు ఆకారంలో డెడ్ జోన్ ఉంటుంది, అక్కడ స్ట్రెయిన్ దాదాపు ఉండదు. మధ్యలో 0.7 కంటే ఎక్కువే ఉంటుంది.

– స్టెప్ సైజ్ 0.1 నుంచి 0.2 మైక్రాన్లు. రేణువు చుట్టూ రెండు మూడు మైక్రాన్ల వలయమే అసలు కథ, 1 మైక్రాన్ స్టెప్ పెడితే అందులో మూడు పిక్సెళ్లు దొరుకుతాయి.

– కొత్త గ్రెయిన్ అని లెక్కించడానికి 15 డిగ్రీల బౌండరీ ఒక్కటే సరిపోదు, గ్రెయిన్ లోపలి ఓరియెంటేషన్ స్ప్రెడ్ కూడా చూడండి. 2 డిగ్రీల లోపు ఉన్నవే రీక్రిస్టలైజ్ అయినవిగా తీసుకోవడం వాడుక.

– నొక్కడం ఆగాక క్వెంచ్ అవడానికి ఎన్ని సెకన్లు పట్టిందో రాసి పెట్టుకోండి. 500 దగ్గర రెండు మూడు సెకన్ల ఆలస్యమైనా స్టాటిక్ రికవరీ, రీక్రిస్టలైజేషన్ మొదలైపోతాయి. అప్పుడు మీరు చూసేది "డైనమిక్" కాదు.

– ఎక్స్‌ట్రూడ్ స్థితిలోని శాంపిల్‌ని 500 దగ్గర అదే 3 నిమిషాలు ఉంచి, నొక్కకుండానే క్వెంచ్ చేసి, దాని ఈబీఎస్‌డీ కూడా పెట్టండి. అందులోనే కొత్త గ్రెయిన్లుంటే అవి నొక్కుడు వల్ల వచ్చినవి కావు. చాలామంది దాటేసే మెట్టు ఇది.

పాలిషింగ్ గురించి ఒక ముక్క. ఎమరీ పేపర్ అని మనం వాడేవి ఎక్కువగా సిలికాన్ కార్బైడ్ పేపర్లే. అందులోంచి ఊడిన గ్రిట్ మెత్తటి అల్యూమినియంలో దిగబడిపోతుంది. మీ రీఇన్‌ఫోర్స్‌మెంట్ కూడా సిలికాన్ కార్బైడే! ఎస్‌ఈఎమ్‌లో (ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్), ఈడీఎస్‌లో (దానితో చేసే మూలకాల విశ్లేషణ) రెండూ ఒకటే. రేణువుల పంపిణీ కొలిచేవాళ్లు ఇందులో ఘోరంగా మోసపోతారు. డైమండ్ డిస్క్ వాడండి, ఆ తర్వాత నూగు తక్కువున్న గట్టి బట్ట మీద 9, 3, 1 మైక్రాన్ డైమండ్, చివర్న కొలాయిడల్ సిలికా. మెత్తటి బట్ట మీద ఎక్కువసేపు తిప్పితే మ్యాట్రిక్స్ అరిగి రేణువులు మిట్టల్లా నిలబడతాయి, వాటి నీడలో ఈబీఎస్‌డీ సిగ్నల్ రాదు. సరిగ్గా మీకు కావలసిన వలయమే నల్లగా పోతుంది. వీలుంటే ఆఖరి మెట్టు అయాన్ మిల్లింగ్. ఎలక్ట్రోపాలిషింగ్ జోలికి పోవద్దు, రేణువు చుట్టూ మ్యాట్రిక్స్‌ని తవ్వేస్తుంది.

ఇంకోటి: గుంట కనపడగానే రంధ్రం అనుకోవద్దు. గుంట ఆకారం మూలలు తేరిన రేణువు ఆకారమే అయితే అది పాలిషింగ్‌లో ఊడిపోయిన రేణువు. నిజమైన ఇంటర్‌ఫేస్ రంధ్రం, కంప్రెషన్‌లో, రేణువుకి పక్కల వైపు (నొక్కే దిశకి అడ్డంగా) నెలవంకలా ఉంటుంది, రేణువు అక్కడే ఉంటుంది. రేణువులో పగులైతే నొక్కే దిశకి దాదాపు సమాంతరంగా పోతుంది.

స్లిప్‌లైన్:

నాదొక అసమ్మతి. మ్యాప్ మీద ఇంత శ్రమ అవసరమా? ఈ మ్యాప్‌ల వెనకున్న సిద్ధాంతం, డైనమిక్ మెటీరియల్ మోడల్, పునాదులనే మోంటైయ్, జోనాస్, నీల్ 1996లో ప్రశ్నించారు. ఎమ్ విలువల పట్టిక, ఫ్లో కర్వ్‌లు, మైక్రోస్ట్రక్చర్ ఫోటోలు పక్కపక్కన పెడితే చాలు, మ్యాప్ అదనంగా చెప్పేది ఏమీ లేదు.

వేడిపోటు:

సిద్ధాంతపరంగా మీరన్నది కాదనను. కానీ పదహారు శాంపిల్స్‌లో ఏ నాలుగింటిని కోసి ఈబీఎస్‌డీకి పంపాలో తేల్చడానికి మ్యాప్ పనికొస్తుంది. అంతవరకే వాడాలి. నాలుగు రేట్లతో గీసిన మ్యాప్‌లో కాంటూర్ రేఖల వంపుల మీద పేరాలు పేరాలు రాయడం మాత్రం వృథా.

పౌడర్_పోగు గారూ, మిగిలిన రెండు ప్రశ్నలకి వస్తాను.

350/1 (350 డిగ్రీలు, రేట్ 1) దగ్గర కర్వ్ దిగడం గురించి. అదే వేడి లెక్క ఇక్కడ వేయండి. సగటు 140 మెగాపాస్కల్, స్ట్రెయిన్ 0.7, అంటే 98 మెగాజౌళ్లు. 95 శాతం తీసుకుని 2.9తో భాగిస్తే 32 డిగ్రీలు. మీ పట్టికలోనే రేట్ 1 దగ్గర 350కి 148, 400కి 106 ఉంది. అంటే డిగ్రీకి 0.84 మెగాపాస్కల్. 32 డిగ్రీలకి 27 మెగాపాస్కల్ తగ్గుదల కేవలం వేడి వల్లే. ఇది పైహద్దు, కొంత వేడి ఆన్విల్స్‌లోకి పోతుంది, అయినా మీ కర్వ్ దిగిన దానిలో సింహభాగం ఇదే అయి ఉంటుంది. పీక్ దగ్గర స్ట్రెయిన్ 0.1 లోపు కాబట్టి అక్కడ నాలుగైదు డిగ్రీలే, పీక్ విలువలు పెద్దగా చెడవు. 0.6 స్ట్రెయిన్ దగ్గర మ్యాప్ గీస్తే మాత్రం దిద్దకుండా గీయకూడదు.

దిద్దడం ఎలా అంటే: ప్రతి స్ట్రెయిన్ దగ్గర (0.1, 0.2, ... 0.6) థర్మోకపుల్ చూపిన అసలు టెంపరేచర్ తీసుకుని, ఆ రేట్‌లో నాలుగు టెంపరేచర్ల స్ట్రెస్ లాగ్‌ని కెల్విన్ విలోమం మీద గీసి, నిర్ణీత టెంపరేచర్ దగ్గర విలువ చదవండి. థర్మోకపుల్ డేటా సేవ్ చేసే రేట్ చూసుకోండి. 0.7 సెకన్ల టెస్ట్‌కి సెకనుకు 10 పాయింట్లు పెట్టుకుంటే ఏడే దొరుకుతాయి. పైగా కంట్రోలర్ రీడింగ్‌నే గుడ్డిగా నమ్మొద్దు. అల్యూమినియం కాంపోజిట్ మీద థర్మోకపుల్ వెల్డ్ సరిగా అంటదు, నొక్కేటప్పుడు ఊడి గాల్లో వేలాడుతుంది. నడుము దగ్గర 1 మి.మీ. లోతు రంధ్రం వేసి అందులో బిగించడం మేలు.

ఇప్పుడు రాపిడి. బారెలింగ్ గుణకం = చివరి ఎత్తు × నడుము వ్యాసార్ధం వర్గం / (మొదటి ఎత్తు × మొదటి వ్యాసార్ధం వర్గం). 11.8 మి.మీ. ఉన్నదానికి 1.08, 12.5 ఉన్నదానికి 1.21. 1.1 దాటితే రాపిడి సవరణ చేయాలన్నది వాడుకలో ఉన్న కొండగుర్తు. సవరణ సూత్రం: కొలిచిన సగటు పీడనాన్ని 1 + 2 × రాపిడి గుణకం × వ్యాసార్ధం / (3√3 × ఎత్తు) తో భాగించాలి. ఇందులో వాడేది 0 నుంచి 1 మధ్య ఉండే షియర్ గుణకం, కూలూంబ్ రాపిడి కాదు, ఈ రెండూ కలిపేసి చాలామంది తప్పు చేస్తారు. గుణకం 0.2 అయితే మొదట్లో 2.6 శాతం, మీ చివరి కొలతల్లో 7 శాతం ఎక్కువ చూపిస్తుంది. చూశారా, రాపిడి స్ట్రెస్‌ని పైకి నెడుతుంది, వేడి కిందకి లాగుతుంది. రెండూ ఒకదాన్నొకటి కప్పేసి కర్వ్ చదునుగా వస్తే "స్టెడీ స్టేట్ రికవరీ" అని రాసేస్తారు. రెండు సవరణలూ చేయాలి, ఒకటి చేసి ఒకటి వదిలితే అసలు చేయకపోవడం కన్నా అన్యాయం. పగిలిన శాంపిల్‌కి మాత్రం ఏ సవరణా పనికిరాదు, దాని స్ట్రెస్ విలువనే పక్కన పెట్టండి.

లూబ్రికెంట్ ఏం వాడారో చెప్పలేదు. మాలిబ్డినం డైసల్ఫైడ్ పేస్ట్ అయితే గాల్లో 400 చుట్టుపక్కల ఆక్సీకరణ చెంది పనికిరాకుండా పోతుంది. 450, 500 దగ్గర బారెలింగ్ ఎక్కువ రావడానికి అదీ కారణం కావచ్చు. గ్రాఫైట్ ఫాయిల్ గానీ బోరాన్ నైట్రైడ్ స్ప్రే గానీ వాడండి.

ఇక 214. మీ పట్టికతో చివరి బిందువుల మధ్య వాలులు తీసి నేనూ వేశాను: ఆల్ఫా (స్ట్రెస్‌ని గుణించే స్థిరాంకం) 0.02, ఎన్ (స్ట్రెస్ ఘాతం) 4.3, క్యూ (యాక్టివేషన్ ఎనర్జీ) 214 చుట్టూనే. 500 వరుస మొత్తం తీసేసినా 211 వస్తోంది. కాబట్టి అంకెలో తప్పు లేదు, ఆ అంకెని అర్థం చేసుకోవడంలోనే జాగ్రత్త కావాలి. సైన్ హైపర్బాలిక్ సూత్రంలో వచ్చే క్యూ ఒక ఫిట్ పరామితి. అది డిఫ్యూజన్ యాక్టివేషన్ ఎనర్జీ కావాలంటే 350 నుంచి 500 దాకా మెటీరియల్ ఒకటే అయి ఉండాలి. 2024లో అలా ఉండదు. 350 దగ్గర రాగి, మెగ్నీషియం చాలావరకు ముతక ప్రెసిపిటేట్లలో ఉంటాయి, 490 దాటాక దాదాపు కరిగిపోతాయి. మీరు నాలుగు టెంపరేచర్లలో నాలుగు వేర్వేరు మ్యాట్రిక్స్‌లని నొక్కారన్నమాట. దానికి తోడు రేణువులు భారంలో కొంత మోస్తాయి. మ్యాట్రిక్స్ మెత్తబడేకొద్దీ, ఇంటర్‌ఫేస్ దగ్గర డిఫ్యూజన్ పెరిగేకొద్దీ ఆ మోత తగ్గుతుంది, కాబట్టి స్ట్రెస్ టెంపరేచర్‌తో మామూలు కంటే వేగంగా పడిపోతుంది. అదే క్యూ రూపంలో పెద్దదై కనపడుతుంది.

"థ్రెషోల్డ్ స్ట్రెస్ (దాని కింద మెటీరియల్ దాదాపు కదలని స్ట్రెస్) తీసేస్తే 142కి వస్తుంది" అని కొందరు చెప్తారు. వచ్చే మాట నిజమే కావచ్చు, కానీ మీ డేటాతో కుదరదు. రేట్‌కి 1/5 ఘాతం తీసుకుని స్ట్రెస్ మీద గీసి సున్నాకి పొడిగిస్తే, మొదటి రెండు బిందువులతో 350కి 23, 400కి 9, 450కి 1.5 మెగాపాస్కల్ వస్తాయి, 500కి నెగటివ్. పైగా 350 గీత విల్లులా వంగి ఉంది. 0.0001, వీలైతే ఇంకా తక్కువ రేట్లు లేకుండా ఆ పని మొదలుపెట్టకండి. ఎన్ విలువని 3, 5, 8 మార్చి మార్చి చూసి, 142 ఇచ్చినదాన్ని ఎంచుకోవడం లెక్క కాదు, వండటం.

పౌడర్_పోగు:

చాలా ధన్యవాదాలండి ఇద్దరికీ. లూబ్రికెంట్ మాలిబ్డినం డైసల్ఫైడ్ పేస్టే. డీఎస్సీ బుక్ చేశాను. మిగిలింది పది సిలిండర్ల మెటీరియలే. వాటితో ఏం చేస్తే ఎక్కువ ఉపయోగం? ఆ 500 వరుస మొత్తం మళ్లీ చేయాలా? కొత్త సిలిండర్లు వైర్ ఈడీఎమ్‌లో (వైర్ నుంచి వచ్చే స్పార్క్‌లతో కోసే యంత్రం) కోస్తుంటే వైర్ పదే పదే తెగుతోంది, దానికీ ఏమైనా ఉంటే చెప్పండి.

వేడిపోటు:

500 వద్దు. 475 దగ్గర నాలుగు రేట్లూ చేయండి, నాలుగు శాంపిల్స్. రేట్ 1 దగ్గర 10, 15 డిగ్రీలు పెరిగినా సాలిడస్ కిందే ఉంటారు. 350/1, 400/1 గ్రాఫైట్ ఫాయిల్‌తో మళ్లీ చేయండి, థర్మోకపుల్ డేటా వేగంగా రికార్డ్ చేస్తూ. అవి రెండు. 450/0.1 రెండుసార్లు చేయండి, రిపీటబిలిటీ ఎంతో తెలియకుండా ఎమ్‌లో 0.02 తేడా గురించి మాట్లాడలేం. మొత్తం ఎనిమిది. ఒకటి 475 దగ్గర నొక్కకుండా 3 నిమిషాలు ఉంచి క్వెంచ్ చేయడానికి, గ్రెయిన్_బౌండరీ గారు చెప్పినట్టు.

పదోది డీగ్యాసింగ్ పరీక్షకి. ముందు ఆర్కిమెడిస్ పద్ధతిలో సాంద్రత తీయండి. సిద్ధాంతం ప్రకారం 2.78 × 0.85 + 3.21 × 0.15 = 2.845. ఆ తర్వాత 490 దగ్గర అరగంట ఉంచి, చల్లార్చి మళ్లీ కొలవండి. సాంద్రత పడిపోయినా, పైన పొక్కులు లేచినా, అల్యూమినియం పౌడర్ ఆక్సైడ్ పొర మీద పట్టిన తేమ పూర్తిగా పోలేదని అర్థం. అది లోహంతో చర్య జరిపి హైడ్రోజన్ అయి వేడి మీద ఉబ్బుతుంది. అలా ఉంటే ఎక్కువ టెంపరేచర్ ఫలితాలన్నీ అనుమానమే, మ్యాప్ సంగతి తర్వాత.

వీటన్నిటికంటే విలువైనది రీఇన్‌ఫోర్స్‌మెంట్ లేని 2024. అదే పౌడర్, అదే డీగ్యాసింగ్, అదే 16:1. నాలుగైదు సిలిండర్లు దొరికినా చాలు, 350/0.001, 350/1, 475/0.001, 475/1. అది పక్కన లేకపోతే "రేణువుల వల్ల" అని మీరు రాసే ప్రతి వాక్యానికీ రివ్యూయర్ అడ్డు తగులుతారు, తగలాలి కూడా.

గ్రెయిన్_బౌండరీ:

వైర్ ఈడీఎమ్‌కి: సిలికాన్ కార్బైడ్‌కి కరెంటు సరిగా పోదు. స్పార్క్ మ్యాట్రిక్స్‌ని కరిగిస్తుంది, రేణువు కరగకుండా గ్యాప్‌లో ఇరుక్కుని వైర్‌కి తగులుతుంది, అక్కడ వైర్ తెగుతుంది. పల్స్ ఆఫ్ టైమ్ పెంచండి, ఫ్లషింగ్ పెంచండి, ఫీడ్ తగ్గించండి. నిదానంగా పోతుంది, అంతే. కోసిన ముఖం మీద కరిగి గడ్డకట్టిన రీకాస్ట్ పొర, అందులో సన్నటి పగుళ్లు ఉంటాయి. సిలిండర్ చుట్టూ కనీసం 0.1 మి.మీ. తీసేయండి, లేకపోతే నడుము మీద వచ్చే పగుళ్లకి బీజం మీరే వేసినట్టు. ఆ పొర తీయడానికి లేత్ మీద పీసీడీ (పాలీక్రిస్టలైన్ డైమండ్) టూల్ పెట్టండి, మామూలు కార్బైడ్ ఇన్సర్ట్ అయితే రెండు మూడు సిలిండర్లకే మొద్దుబారి, కోయడం మానేసి రేణువుల్ని లోపలికి నొక్కడం మొదలుపెడుతుంది.

రెండు కొసల సమాంతరత కూడా చూసుకోండి, 0.02 మి.మీ. లోపు ఉండాలి. అది తప్పితే సిలిండర్ ఒక పక్కకి వాలి, షియర్ ఒకే వైపు పోగుపడుతుంది. మీ 45 డిగ్రీల పగులు చుట్టూ వచ్చిందా, ఒక పక్కనే వచ్చిందా?

పౌడర్_పోగు:

ఇప్పుడే మళ్లీ చూశాను. చుట్టూ ఉంది, మూడు చోట్ల. ఒక పక్కది మాత్రం మిగతావాటికంటే లోతు.

గ్రెయిన్_బౌండరీ:

చుట్టూ ఉందంటే ప్రధాన కారణం సాలిడస్ దాటడమే అయి ఉండాలి, ఒక పక్క లోతుగా ఉండటానికి వాలు తోడై ఉండొచ్చు. ఆ లోతైన పగులు మధ్యగా వచ్చేలా కోసి, కొస దగ్గరి ట్రిపుల్ జంక్షన్ల ఫోటో పెట్టండి. ఎచింగ్ చేయకముందే ఒకటి తీయండి. కెల్లర్స్ (అల్యూమినియానికి వాడే ఎచింగ్ ఆమ్ల ద్రావణం) పడ్డాక ఆ మడుగుల్లోని రాగి ఫేజ్ ముందే తినేయబడి నల్ల గుంటల్లా కనిపిస్తుంది, అప్పుడది కరిగిన గుర్తో రంధ్రమో చెప్పడం కష్టం. బ్యాక్‌స్కాటర్ మోడ్‌లో అయితే రాగి ఎక్కువున్న చోట్లు తెల్లగా మెరుస్తాయి, ఎచింగ్ అవసరమే పడదు.

పౌడర్_పోగు:

సరేనండి. డీఎస్సీ కర్వ్, ఆ ఫోటోలు రాగానే ఇదే థ్రెడ్‌లో పెడతాను.